నాలుగు చప్పట్లు ఆగు

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. నాకు నాలుగేళ్ళ మూడు నెలల బాబు, ఏడాదిన్నర పాప. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. నేను, అత్తయ్యగారు, పిల్లలు ఇక్కడ ఉంటాం. బాబుకి అసలు ఓపిక లేదండి. అన్నం కలిపేలోపే కంచం గిరాటేస్తాడు. అంగన్‌వాడీలో ఉయ్యాల దగ్గర వంతు వచ్చేదాకా ఆగడు, ముందున్న పిల్లల్ని తోసేస్తాడు. శుక్రవారం వాళ్ళ నాన్న ఫోన్ చేస్తారంటే పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. ‘కొంచెం ఆగు నాన్నా’ అంటే ఇంకా రెచ్చిపోతాడు. చివరికి ఫోన్‌లో పాటల వీడియో పెట్టి ఇస్తేగాని ఊరుకోడు. అది తీసుకుంటే మళ్ళీ మొదలు. రెండు తగిలిస్తే ఓపిక అదే వస్తుందంటారు అత్తయ్యగారు. సంగీతం నేర్పిస్తే పిల్లలకి నిదానం వస్తుందని ఎవరో చెబితే క్లాసులో చేర్చాను. నాలుగో రోజున మాస్టారు ‘వీడు కూర్చోడమ్మా, ఇంకో రెండేళ్ళు పోయాక తీసుకురండి’ అని పంపేశారు. వీడిలో ఏమైనా లోపం ఉందా? లేక నా పెంపకంలోనా? చాలా టెన్షన్‌గా ఉందండి. పాటలతో, ఆటలతో ఇంట్లో నేనే ఏమైనా చేయగలనా?

సమాధానం: అమ్మా, ‘కొంచెం ఆగు నాన్నా అంటే ఇంకా రెచ్చిపోతాడు’ అని రాశారు చూడండి, సగం విషయం ఆ మాటలోనే ఉంది. నాలుగేళ్ళ పిల్లాడికి ‘కొంచెం’ అంటే ఎంతో తెలియదు. మనం ఒకసారి ‘కొంచెం’ అని అరనిమిషంలో వస్తాం, ఇంకోసారి అరగంటకి వస్తాం. వాడికి రెండూ ఒకే మాట. ‘ఐదు నిమిషాలు’ అన్నా అంతే. గడియారం ఇంకా వాడి లోకంలోకి రాలేదు.

మీరు నరసాపురం వెళ్ళడానికి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటి పడవ కోసం ఎన్నోసార్లు నిలబడి ఉంటారు. పంటి అవతలి ఒడ్డున ఉన్నా మీకు కంగారు పుట్టదు. జనాన్ని దింపి, మళ్ళీ ఎక్కించుకుని ఇటే వస్తుందని తెలుసు. నది మధ్యకి వచ్చిందంటే కళ్ళకి కనపడుతూనే ఉంటుంది. అదే ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియకపోతే పెద్దవాళ్ళం మనమే రేవులో గోల పెడతాం. మీ బాబు రోజులో చాలాసేపు అలాంటి రేవులోనే నిలబడి ఉంటున్నాడు. వాడికి లేనిది ఓపిక కాదమ్మా, పంటి కనపడటం లేదు. దాన్ని చూపించడానికి నాకు తెలిసిన మంచి దారి తాళం.

పెంపకం సంగతి అడిగారు. మీ తప్పేమీ లేదు. మనసు లాగిన వైపు వెళ్ళకుండా మనల్ని ఆపే పని ఎక్కువగా చూసుకునేది నుదుటి వెనక ఉండే మెదడు భాగం. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్ళు దాటుతాయి. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య ఆ శక్తి అప్పుడప్పుడే మొలకెత్తుతుంది. ఆ మొలకని పట్టుకుని చెట్టెందుకు కాలేదని మనం అడుగుతున్నాం.

సంగీతానికీ ఓపికకీ ఉన్న సంబంధం గురించి చాలామంది పొరబడతారు. పాట నేర్చుకుంటే కుదురుగా కూర్చుంటారని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. చిన్నపిల్లలకి పాటలు నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో, చేతులు కట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటేనే తొలి పాఠాలైన సరళీ వరుసలు చెప్పేదాన్ని. ఐదేళ్ళ పాప ఒకతె ఎప్పుడూ కాలు కదుపుతూనే ఉండేది. ఒకరోజు గట్టిగా కసిరాను. మర్నాటి నుంచి రాలేదు. కొన్ని నెలల తరవాత ఒక ఏకాదశి రాత్రి రామాలయంలో భజన జరుగుతుంటే అదే పాపని చూశాను. వాళ్ళ నాన్నమ్మ ఒళ్ళో కూర్చుని, చేతిలో చిడతలు పట్టుకుని ఉంది. ముందు కూర్చున్నాయన చరణం పాడుతున్నంతసేపూ చిడతలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని ఆగింది. పల్లవి రాగానే అందరితోపాటు గల్లుమనిపించింది. అలా గంటసేపు. నా దగ్గర ఐదు నిమిషాలు ఆగలేదని నేను కసిరిన పాపే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆగడం ఆ పిల్లకి రాకపోవడం కాదు, నా క్లాసులో ఆగినందుకు చివర ఏమీ దొరికేది కాదు. భజనలో పల్లవి దొరికింది. ఆ తరవాత నేను పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాను.

ఆది తాళం మీరు చూసే ఉంటారు. ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. అందులో చెయ్యి తొడ మీద పడి చప్పుడయ్యేది మూడుసార్లే, ఒకటో అక్షరానికి, ఐదో దానికి, ఏడో దానికి. మిగతా ఐదూ వేళ్ళు ముడవడం, చెయ్యి తిప్పడం. చప్పుడు లేదు, కాని లెక్క నడుస్తూనే ఉంటుంది. తాళంలో సగానికి పైగా ఆగడమే అన్నమాట. పాట అన్నిసార్లూ మొదటి దెబ్బ మీదే మొదలవదు కూడా. కొన్ని కీర్తనల ఎత్తుగడ అర అక్షరమో, ఒకటిన్నర అక్షరమో దాటాక ఉంటుంది. తాళం ముందు పడుతుంది, పాడేవాళ్ళు ఆ కాస్తా మౌనంగా గడిపి అప్పుడు అందుకుంటారు. ఆ ఖాళీలో ఎవరూ విసుక్కోరు, చెవి రిక్కించుకుని ఉంటారు. మీ బాబుకి మనం రుచి చూపించాల్సింది ఆ ఖాళీనే.

మొత్తం ఆది తాళం వద్దు, మొదటి నాలుగక్షరాలు చాలు. ఇద్దరూ ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోండి. ‘త, క, ధి, మి’ అంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పట్లు కొట్టండి. రెండు మూడు రోజులు ఇంతే. వాడి నోట ఆ మాట దానంతట అది వస్తున్నప్పుడు చిన్న మార్పు చేయండి. ‘త’ దగ్గర చప్పట్లు, ‘క ధి మి’ దగ్గర బొటనవేలితో చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు తాకడం. ఆది తాళంలో లఘువు అనే ఆ మొదటి నాలుగక్షరాల భాగాన్ని వేళ్ళతో లెక్కపెట్టేదీ ఈ వరుసలోనే. అది అలవాటయ్యాక ‘క ధి మి’ గుసగుసగా చెప్పండి. తరవాత పెదవులు మాత్రం కదపండి. చివరికి అదీ ఉండదు. ఒక చప్పట్లు, మూడు అక్షరాల నిశ్శబ్దం, మళ్ళీ ఇద్దరి చేతులూ ఒక్కసారే టప్పుమంటాయి. అలా కలిసిపడ్డప్పుడు పిల్లలు నవ్వే నవ్వు వేరు. అది ఆగినందుకు వచ్చిన నవ్వు.

వేగం విషయంలో ఒక జాగ్రత్త. నెమ్మదిగా కొడితే పిల్లాడికి తేలికని మనం అనుకుంటాం. నిజానికి చిన్నపిల్లల సహజమైన లయ మనదానికన్నా వేగంగా ఉంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగేకొద్దీ వాడికి కష్టం. అందుకే మొదట వాడి వేగానికి మీరు వెళ్ళండి. వాడు ఎలా పరిగెడితే అలా కొట్టండి. రోజుల మీద, వాడికి తెలియకుండా, కొంచెం కొంచెంగా నెమ్మది చేయండి. వాడితో కలిసి విలంబ కాలానికి, అంటే నిదానపు నడకకి, చేరడానికి నెల పట్టవచ్చు. ఆ నెల మీకు ఓపిక పరీక్ష. తప్పు కొడితే సరిదిద్దకండి, మీరు సరిగ్గా కొడుతూ ఉండండి చాలు, వాడే వచ్చి కలుస్తాడు. ఒక పూటకి ఐదు నిమిషాలు, మహా అయితే పది. ‘ఇంకోసారి’ అని వాడు అడుగుతుండగానే ఆపేయండి. ఆకలి మీద ఉన్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు అసలు మొదలుపెట్టకండి.

రెండో ఆట కొంగ ఆట. మా పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. నాట్లు ఊడ్చిన చేలో ఒంటికాలి మీద నిలబడే కొంగని మీ బాబు రోజూ చూస్తూనే ఉంటాడు. ఒకసారి గట్టు మీద నిలబెట్టి బాగా చూపించండి. అది ఊరికే నిలబడలేదనీ, చేప కోసం చూస్తోందనీ, కదిలితే చేప పారిపోతుందనీ చెప్పండి. తరవాత ఇంట్లో మీరు పళ్ళెం మీద గరిటెతో దరువు వేయండి, వాడు చిందులు తొక్కుతాడు. దరువు ఆగగానే కొంగ అయిపోవాలి. మొదట రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపే ఆపండి. ఆపైన మూడు, నాలుగు, వారాలు గడిచాక ఎనిమిది. ఆగినంతసేపు ఆగాక ‘చేప దొరికింది’ అని మళ్ళీ దరువు. కొన్నాళ్ళు పోయాక గరిటె వాడి చేతికిచ్చి మీరు కొంగ అవ్వండి. అమ్మని, నాన్నమ్మని తన దరువుతో ఆపగలిగినప్పుడు, ఆపడమంటే ఏమిటో వాడికి అవతలి వైపు నుంచి అర్థమవుతుంది. ఆ తరవాత నియమం తిరగేయండి. పెద్ద దరువుకి మెల్లగా నడవాలి, చిన్న దరువుకి పరుగెత్తాలి. కాళ్ళు ఒకటి చేద్దామంటే మనసు ఇంకోటి చెప్పాలి. ఓపికకి వేరు అక్కడే ఉంది.

ఈ ఆట మీద నాకు ఇంత పట్టుదల ఉండటానికి ఇంకో కారణం ఉంది. మన డెల్టాలో వాకిట్లో పంట కాలువ, పెరట్లో చెరువు. చప్పుడుకి ఆగే అలవాటు ఒంటికి పట్టిన పిల్లాడు, కాలువ గట్టు మీద మీరు ‘కొంగ!’ అని కేకేస్తే ఆగే అవకాశం ఎక్కువ. దాన్ని నమ్ముకుని మాత్రం పిల్లాణ్ణి గట్టు మీద వదలకండి. నీళ్ళ దగ్గర పెద్దవాళ్ళ చెయ్యి, కంటిచూపు ఉండాల్సిందే, పెరటి తలుపుకి గడియ ఉండాల్సిందే.

మూడోది మీ అత్తగారి దగ్గరే ఉంది. కాళ్ళాగజ్జె. పిల్లలందరూ కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుంటే, పెద్దావిడ పాట పాడుతూ ఒక్కో మాటకి ఒక్కో కాలు తాకుతూ వెళ్తుంది. పాట ఏ కాలి దగ్గర ఆగితే ఆ కాలు ముడవాలి. ఆ చెయ్యి తన వైపు వస్తోందా, దాటిపోతోందా అని పిల్లలు చూసే చూపు గుర్తు తెచ్చుకోండి. వంతు కోసం ఆగడం ఇంతకన్నా హాయిగా ఎవరు నేర్పగలరు? ఆవిడకి పాట మొత్తం వచ్చే ఉంటుంది. మీరు అడగండి. ‘వీడికి ఓపిక నేర్పడానికి మీ ఆట కావాలత్తయ్యా’ అనండి. దెబ్బ గురించి ఆవిడతో వాదించేకంటే ఇది మేలు. దెబ్బ పడితే పిల్లాడు ఆ క్షణానికి ఆగుతాడు, నిజమే. కాని భయంతో ఆగినవాడు, భయపెట్టేవాళ్ళు పక్కకి తప్పుకోగానే తోసేస్తాడు. అంగన్‌వాడీ ఉయ్యాల దగ్గర నాన్నమ్మ ఉండదు కదా. ఆవిడ మాట కాదన్నట్టు కాకుండా, ఆవిడ చేతిలో ఇంకో పని పెట్టండి.

కాళ్ళాగజ్జె ముగ్గురితో బాగుంటుంది. మీరు, బాబు, పాప కాళ్ళు చాపితే ఆరు కాళ్ళు, చెయ్యి త్వరగా తిరిగొస్తుంది. ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్క కంజిర చేత్తో పట్టుకుని వంతులవారీగా ఇస్తానంటే ఏ పిల్లాడూ ఆగడు, ఆగనక్కర్లేదు కూడా. వంతు ఎంత త్వరగా వస్తుందో మొదట్లో అదే ముఖ్యం. పాపకి ఏ నియమమూ వద్దు. ఏడాదిన్నర బిడ్డ తన ఇష్టం వచ్చినట్టు చప్పట్లు కొట్టుకోనివ్వండి. ‘చెల్లి తాళం తప్పింది’ అని బాబు ఫిర్యాదు చేస్తే, చెల్లి ఇంకా చిన్న కొంగ అని చెప్పండి.

ఆటలో వచ్చిన ఓపిక దానంతట అది అన్నం కంచం దగ్గరికి నడిచి రాదు. దాన్ని మీరు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. ఆటలో వాడిన గుర్తునే పనిలోనూ వాడటం అందుకు దారి. అన్నం కలిపేటప్పుడు ‘ఆగు’ అనకండి, ‘నాలుగు తకధిములు’ అనండి. లెక్క వాడిది. నాలుగోది పూర్తయ్యేసరికి ముద్ద నోటి దగ్గర ఉండాలి. కలపడం అవకపోయినా సరే, ఒక్క ముద్దయినా ఉండాలి. కుక్కర్ పెడితే మూడు విజిల్స్ లెక్క వాడికి అప్పజెప్పండి. మూడు చింతపిక్కలు చేతిలో పెట్టండి, ఒక్కో విజిల్‌కి ఒకటి గిన్నెలో వేయాలి. మన వైపు కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, ‘రెండు, మూడు’ అని రాగం తీస్తూ కొలుస్తారు చూడండి, బియ్యం డబ్బాలో పోసేటప్పుడు అలా పాడించండి. చేతికి పని, నోటికి పాట, కంటికి చివర. ఈ మూడూ ఉంటే నాలుగేళ్ళవాడు మీరు అనుకున్నదానికన్నా చాలాసేపు ఆగుతాడు.

ఉయ్యాల దగ్గర కూడా ఇదే. అంగన్‌వాడీ టీచరుగారిని అడిగి చూడండి. ఒక్కొక్కరికి ఇరవై ఊపులని పెట్టి, ఆ ఇరవై ఊపులూ రాగం తీసి లెక్కపెట్టే పని వరసలో నిలబడ్డ పిల్లలకి ఇమ్మనండి. ఊగేవాళ్ళు కాదు, ఎదురుచూసేవాళ్ళు లెక్కపెట్టాలి. అప్పుడు ముందున్నవాడు అడ్డం కాదు, వాడి ఊపులు మన పాట. తోపులాట ఒక్కరోజులో పోతుందని చెప్పను. తగ్గడం నేను చాలాచోట్ల చూశాను.

ఇక శుక్రవారం. మీ ఉత్తరంలో నా మనసుని పట్టేసింది అదే. మన కోనసీమలో ఎన్ని ఇళ్ళల్లో పిల్లలు ఇలా శుక్రవారం కోసం చూస్తుంటారో నాకు తెలుసు. అది అన్నం ముద్ద కోసమో, ఉయ్యాల కోసమో ఆగడం లాంటిది కాదు. నాన్న కోసం ఆగడం. ఆ ఏడుపుని అసహనం అనకండి, అది బెంగ.

ఓపిక గురించి పేరుబడ్డ ఒక పరీక్ష ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల చివర్లో మొదలుపెట్టారు. చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకోటి కూడా ఇస్తానని చెప్పి బయటికి వెళ్ళేవారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు ఏం చేశారో చూడండి. మిఠాయి వైపు చూడకుండా తలతిప్పుకున్నారు, చేతులతో కాళ్ళతో ఆటలు కట్టుకున్నారు, తమలో తాము పాటలు పాడుకున్నారు. పళ్ళు బిగించి కూర్చోలేదు. అలా ఆగగలిగినవాళ్ళే పెద్దయ్యాక బాగుపడతారని చాలామంది ప్రచారం చేశారు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో చూస్తే ఆ సంబంధం అనుకున్నదానికన్నా చాలా బలహీనమని, ఇంటి పరిస్థితుల పాత్ర పెద్దదని తేలింది. కాబట్టి మీ బాబు ఈరోజు ఆగలేదని రేపటి గురించి దిగులు పడకండి.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించినది. ముందు పిల్లలకి మంచి రంగులు తెచ్చిస్తామని చెప్పారు. కొందరికి తెచ్చారు, కొందరి దగ్గరికి ‘లేవు, సారీ’ అని ఖాళీ చేతులతో వచ్చారు. ఆ తరవాత అదే మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్ళు 3 నిమిషాలు. ఆ రెండు గుంపుల పిల్లల్లో తేడా లేదు, పెద్దవాళ్ళ మాటలో ఉంది. పంటి తప్పకుండా వస్తుందని తెలిసిన రేవులోనే ఎవరైనా ఆగుతారు.

అందుకని మీ ఆయనతో మాట్లాడి ఒక వేళ ఖాయం చేసుకోండి. మన రాత్రి ఎనిమిదికి అక్కడ సాయంత్రం ఐదున్నర. ఎనిమిదంటే ఎనిమిదే. డ్యూటీ పడి కుదరకపోతే, ఆ సంగతి ఎనిమిదికి ముందే బాబుకి తెలియాలి, ఇంకో రోజు పేరు చెప్పాలి, ఆ రోజు తప్పకూడదు. ఇటు పక్క మీరు శనివారం నుంచి రోజూ రాత్రి జోలపాట అయ్యాక ఒక చింతపిక్క చిన్న సీసాలో వేయించండి. ప్రతి రాత్రీ సీసా మూత గట్టిగా బిగించి ఊపి వినిపించండి. ఒక పిక్క చప్పుడు వేరు, నాలుగు పిక్కల చప్పుడు వేరు. గురువారం రాత్రికి ఆరు పడతాయి. ఏడోది శుక్రవారం నాన్న చూస్తుండగా వేయాలి. వారం ఎంత నిండిందో వాడి చెవికే తెలుస్తుంది. పాప చేతికి మాత్రం విడి పిక్కలు చిక్కనివ్వకండి, గొంతులో పడితే ప్రమాదం. శుక్రవారం పగలు కూడా మెట్లు కట్టండి. కుక్కర్ విజిల్స్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం దీపం, రాత్రి అన్నం, ఆ తరవాత నాన్న. ఇప్పుడు ఎక్కడున్నామని వాడు అడిగినప్పుడల్లా ‘దీపం అయింది, అన్నం ఉంది, తరవాత నాన్న’ అని ఒకే వరసలో పాడి చెప్పండి.

ఫోన్‌లో నాన్నతో కలిసి చప్పట్లు కొట్టించాలని మాత్రం చూడకండి. వీడియో కాల్‌లో చప్పుడు కొంచెం ఆలస్యంగా చేరుతుంది, ఇద్దరి దెబ్బలూ ఎప్పటికీ కలవవు, వాడికి చిరాకొస్తుంది. బదులుగా ప్రశ్న జవాబులా చేయండి. నాన్న నాలుగు కొట్టి ఆపాలి, వాడు విని తిరిగి నాలుగు కొట్టాలి. తరవాత వాడు కొడతాడు, నాన్న చెబుతాడు జవాబు. ఆ ఆలస్యం ఆటలో కలిసిపోతుంది. అంత దూరంలో ఉన్న మనిషికి కూడా, బిడ్డకి ఏదో నేర్పానన్న తృప్తి మిగులుతుంది.

ఫోన్ వీడియోల సంగతి. నాలుగేళ్ళ వయసులో తెర ముందు కూర్చునే సమయం రోజుకి గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గంటకన్నా నాకు ఇబ్బందిగా కనిపించేది, ఒక పాట అవుతూనే ఇంకోటి దానంతట అది వచ్చేయడం. అక్కడ పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేదు, పిల్లాడికి ఆగే పనే లేదు. ఒక్కసారిగా మాన్పించకండి. ‘రెండు పాటలు’ అని ముందే చెప్పి, మీరు పక్కన కూర్చుని, రెండో పాట చివర వాడి చేతే ఆపించి, వెంటనే కొంగ ఆట మొదలుపెట్టండి. మొదటి వారం రోజులు గోల ఎక్కువే ఉంటుంది. ఇచ్చేసి మళ్ళీ లాక్కోవడం మాత్రం చేయకండి.

క్లాసు నుంచి పంపేశారని బాధపడకండి. ఆ మాస్టారు ఉన్నమాట చెప్పారు. పిల్లల సంగీతం అనగానే మీ ప్రాంతంలో అందరూ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరు చెబుతారు, ఎనిమిదో ఏటే విజయవాడలో కచేరీ చేశారంటారు. అది నిజమే. ఆయన తండ్రి వేణువు వాయించేవారన్నది మాత్రం వదిలేస్తారు. పాఠం కన్నా ముందు ఇంట్లో నాదం ఉంది. మీ ఇంట్లో వేణువు లేకపోయినా పర్వాలేదు, చప్పట్లు ఉన్నాయి. ఆరేడేళ్ళు వచ్చాక కూర్చుని నేర్చుకునే చదువు మొదలుపెట్టవచ్చు. ఈలోపు రామాలయంలో భజన అయితే భజన, చర్చిలో డోలక్, కంజిరతో పాటలయితే అవి, ఊళ్ళో కోలాటం నేర్పుతుంటే అది. పక్కన కూర్చోబెట్టుకుని వాడి చేతికి ఏదో ఒకటి ఇవ్వండి.

లోపం ఉందా అన్న అనుమానానికి ఒక్క మాట. పిలిస్తే పలకకపోవడం, చప్పుడు వచ్చిన వైపు తిరగకపోవడం, తోటి పిల్లలకన్నా మాటలు బాగా వెనకబడటం, తనకి ఎంతో ఇష్టమైన ఆట దగ్గర కూడా రెండు మూడు నిమిషాలు నిలవలేకపోవడం లాంటివి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి, చెవులు కూడా పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం చూడాలి. ఆ బృందం ఎప్పుడొస్తుందో టీచరుగారిని కనుక్కుని, ఆ రోజు మీరు కూడా వెళ్ళి మీకున్న భయం చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు మాత్రం కనపడుతున్నది, నాన్న మీద బెంగ పెట్టుకున్న, ఒంట్లో బోలెడు ఊపు ఉన్న మామూలు నాలుగేళ్ళ పిల్లాడు.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో కొబ్బరికాయ కొట్టినప్పుడు రెండు చిప్పలూ దాచండి. కోరు తీసేశాక శుభ్రంగా గోకి, పై పీచు ఒలిచి, బాబు చేత ఎండలో పెట్టించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాడే వెళ్ళి వేలితో కొట్టి వినాలి. తడి ఉన్నంతకాలం బొద్దుగా మోగుతుంది, ఎండేకొద్దీ చప్పుడు తేటపడుతుంది. ‘ఇంకా అవలేదు’ అని మీరు కాదు, చిప్పే వాడికి చెబుతుంది. నాలుగైదు రోజులకి టకటకమని పలికినప్పుడు, అంచులు గీసుకోకుండా గరుకు రాయి మీద మీరు నున్నగా రుద్ది ఇవ్వండి. కళ్ళున్న చిప్ప ఒకలా, రెండోది ఇంకోలా మోగుతాయి. ఏది ఏదో కళ్ళు మూసుకుని చెప్పించండి. మొదటి శుక్రవారం వాళ్ళ నాన్నకి వినిపించేది అదే అవ్వాలి. మూడు జతలు చేయండి. ఒకటి బాబుకి, ఒకటి మీకు, ఒకటి మీ అత్తగారికి.